ఆకుపచ్చ పొట్లాలతో తెర రొద తగ్గించిన విధానం

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, వేలితో తడితే పలికే గాజుపలకను కూడా కనిపెట్టింది. అది ఎవరూ తట్టకుండానే పలకడం మొదలుపెట్టేసరికి కమిటీ వేసింది.

షిన్‌చు సైన్స్ పార్కులోని యుంగ్‌రుయ్ తెరల కంపెనీలో ఆ కమిటీ పేరు అదృశ్య వేలి నివారణ సంఘం. అధ్యక్షుడు సెక్షన్ అధిపతి తు. సభ్యులంటే ఆయన చెప్పినదానికి తలూపగలిగిన వాళ్లు. పని చేయాల్సిన మనిషి మాత్రం ఒక్కతే, గాజు కింద తీగలు గీసే ఇంజినీరు లియావ్ షుఫెన్. (పని చేసేవాళ్లను సభ్యులుగా చేర్చుకుంటే సంఘం నిష్పాక్షికత దెబ్బతింటుంది.)

అది టిఫిన్ దుకాణాల్లో ఆర్డర్లు తీసుకునే తెర. వేలు తగిలితే అక్కడి తీగలో విద్యుత్తు రవ్వంత మారుతుంది, తెర దాన్ని పసిగడుతుంది. చిక్కల్లా బొమ్మను చూపే తీగలతోనే. అవి ఆ కిందే ఉంటాయి, క్షణం నోరు మూయవు. వాటి రొద పై తీగల్లోకి ఎక్కిందంటే తెర తనంతట తానే ముల్లంగి కేకులు ఆర్డరు పెట్టేస్తుంది. షుఫెన్ రోజూ తినే దుకాణం ఆంటీ, పాత తెర పుణ్యమా అని ఎవరూ అడగని ముల్లంగి కేకులు వేయించి వేయించి, ఇప్పుడు షుఫెన్ కనిపిస్తే చాలు అట్లకాడ చూపిస్తోంది.

అందుకే షుఫెన్ రెండు వరసల మధ్య ఒక కాపలా తీగ గీసి ఎర్త్‌కు కలిపింది. రొదంతా అందులోకి దిగిపోవాలి. కానీ తీగకు చోటు కావాలి, చోటంటే ఖర్చు. గురువారం పరీక్షలో అదృశ్య వేలు కనిపించకపోతే తీగ ఉంటుంది, కనిపిస్తే పీకేస్తాం అని పైవాళ్లు తేల్చేశారు.

పరీక్ష యంత్రం మీద, ఆ పార్కులో ఏ యంత్రం మీద చూసినా ఉన్నట్టే, కొబ్బరి రుచి మొక్కజొన్న పఫ్‌ల పొట్లం ఒకటి ఉంది. యంత్రం బుద్ధిగా ఉండాలంటే అది ఉండి తీరాలి. ఆకుపచ్చదే కావాలి, పసుపుది పెడితే యంత్రం అలుగుతుంది. గడువు దాటకూడదు. ఎవరూ తినకూడదు. (తీగను తీసేయడానికి ఒక్క ఫోను చాలు. పొట్లాన్ని జరపడానికి మాత్రం మూడు విభాగాల సంతకాలు కావాలి.)

సోమవారం తెరను ఆ యంత్రంలో పెట్టి చూస్తే కుడి మూల అదృశ్య వేలు హాజరు.

"నీ తీగ కాపలా కాస్తోందా, కునుకు తీస్తోందా షుఫెన్?" అన్నాడు తు.

"తీగ బాగానే ఉంది సార్. ఇంకేదో ఉంది."

"ఇంకేదో ఉంటే దానికి ఇంకో పొట్లం పెడదాం."

పెట్టారు. వేళ్లు రెండయ్యాయి. మరి కొన్ని పెట్టారు. యంత్రం కిరాణా కొట్టులా తయారైంది, వేళ్లు కాస్తా అరచెయ్యి అయ్యాయి. తు భూదేవుడి గుడికి వెళ్లి, దేవుడి జవాబు అవునో కాదో చెప్పే నెలవంక చెక్కలు విసిరి, పొట్లాలు సరిపోయాయా అని అడిగాడు. సరిపోలేదని వచ్చింది. (తీగల గురించి ఆయన అడగలేదు, దేవుడు చెప్పలేదు.)

షుఫెన్ దుమ్ము తుడవడానికని ఒక పొట్లం ఎత్తింది. ఒక వేలు మాయమైంది. మళ్లీ పెట్టింది. వేలు వచ్చింది.

"ఫెన్ అక్కా, దాన్ని ముట్టుకోకు," అన్నాడు పరీక్ష గది టెక్నీషియన్ పాంగ్. "పోయినేడు ఒకడు ఆకలికి ఆగలేక తిన్నాడు. గాజు కోసే యంత్రం అలిగి కూర్చుంది."

"ఇందులో ఏముంది పాంగ్?"

"సగం గాలి. కాసిని పఫ్‌లు. లోపల వెండిలా మెరిసే పూత."

"ఆ పూత లోహం. మనం పోయి పోయి దాన్ని తీగలు బయటికొచ్చే పట్టీ మీదే కూర్చోబెట్టాం. తెర దాన్ని వేలనుకుంటోంది."

పాంగ్ పొట్లం నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "అంటే దయ్యాన్ని మనమే బజారునించి కొని తెచ్చామన్నమాట."

షుఫెన్ ఈ సంగతి తుకు చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పొట్లాలు తీశాక యంత్రం ఆగిపోతే ఎవరు బాధ్యులు?"

"ఆగదు సార్."

"ఆగితే? అదే తీగ తీసేశామనుకో, ఎవరూ బాధ్యులు కారు. ఏది తీయడం సులువో నువ్వే చెప్పు."

బుధవారం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు షుఫెన్ ఆకుపచ్చ కాగితంతో పొట్లాలు మడిచింది. పాత పొట్లాలు విప్పి పఫ్‌లు ఈ కొత్తవాటిలోకి పోసింది. పట్టని వాటిని పాంగ్ తిన్నాడు. మొదట భయపడుతూ, తర్వాత రెండు చేతులా.

గురువారం తెర నోరెత్తలేదు. దుకాణంలో ఉన్నట్టే పక్కన ఫ్రిజ్ ఆన్ చేశారు, ఛార్జరు పెట్టారు, మోటారు తిప్పారు. వేలు లేదు, గోరు లేదు. సంఘం చప్పట్లు కొట్టింది. పొట్లాల సంఖ్య ఇన్నాళ్లకు కుదిరిందని తు ప్రకటించాడు.

షుఫెన్‌కు ఒళ్లు మండింది. "సార్, అవి మీరు పెట్టిన పొట్లాలు కావు. నేను కాగితంతో మడిచినవి. లోహం లేదు కాబట్టే వేలు లేదు."

తు ఒక పొట్లాన్ని వెలుగులోకి ఎత్తి చూశాడు.

"ఆకుపచ్చదేగా?"

"ఆకుపచ్చదే."

"ఎప్పుడు మడిచావు?"

"నిన్న."

"తాజాది. అందుకే పని చేసింది."

"పని చేసింది తీగ సార్."

"తీగ సోమవారం కూడా ఉంది కదమ్మా. మరి అప్పుడెందుకు చేయలేదు?"

సభ్యులందరూ తలూపారు. ఇంత బలమైన తర్కం ఆ సంఘంలో అంతకుముందు ఎవరూ వినలేదు.

తీర్మానం సాయంత్రానికి వచ్చింది. కాగితపు పొట్లంతోనే రొద పోతోంది గనక కాపలా తీగ అనవసరపు ఖర్చు, తొలగించడమైనది. తెర కొన్న ప్రతి దుకాణానికీ ఒక పొట్లం ఉచితం. దాన్ని కనిపెట్టిన షుఫెన్‌ను కొత్తగా ఏర్పడిన పొట్లాల విభాగానికి అధిపతిని చేశారు.

తీగల విభాగంలో ఆమె ఖాళీ చేసిన కుర్చీకి మనిషి కావాలని అడిగితే, పైనుంచి ఒక పొట్లం పంపించారు.