విశ్వనాథుని స్టూలుభంజన విజయము

భాగ్యనగర ప్రాగ్దిశాభాగంబున, ఉప్పల్ బస్సుల ధూళిచేత ధూసరితంబును, నాచారం కార్ఖానాల కూతలచేత ముఖరితంబును అగు పారిశ్రామికవాడయందు, డెబ్బైరెండవ సంవత్సరపు ఎండలు నిప్పులు చెరుగుచుండగా, ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగ చుట్టునట్టి ఒకానొక రేకుల షెడ్డులో, సూపర్‌వైజర్ కులతిలకుడు, హాజరుపట్టీ ధురంధరుడు, ఏలూరు నుండి దిగివచ్చిన విశ్వనాథ మహావీరుడు ఒక స్టూలుతో సలిపిన ఘోరసంగ్రామమును చెప్పబోవుచున్నాను. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వుకొనుడు. తర్వాత నవ్వితే నాకు సిగ్గేస్తుంది.

కారణం ఇది. తీగ చుట్టే పనికి అంబర్‌పేట్ నుండి సూర్యకళ అనే అమ్మాయి వచ్చింది. చిన్నప్పుడు పోలియో సోకి ఎడమకాలు సన్నబడింది. మోకాలు మడత పడకుండా ఇనుపకట్టు వేసుకుని నడుస్తుంది. పని చూపమంటే అందరిలాగే స్టూలెక్కి కూర్చుని చక్కగా చుట్టి చూపింది. యజమాని బసవరాజు మాత్రం విశ్వనాథాన్ని పక్కకు పిలిచాడు.

"పనైతే మంచిగ జేస్తది సాబ్. గానీ ఏమన్న అయితే మన మీదికొస్తది. నాకు భయమైతుంది. రేపొక్క దినం సూద్దం. కష్టమైతే మర్యాదగ పంపిద్దం."

బసవరాజుదేపాటి భయం! మన వీరుని గుండెలో పది తలల భయం పడగవిప్పింది. పడిపోతే? పట్టుకుంటే నొచ్చుకుంటే? పట్టుకోకపోతే లోకం ఏమనుకుంటుంది? పోనీ నీకేం కావాలమ్మా అని అడిగితే, అమ్మో, ఏడిస్తే? నోరు తెరిచి అడుగుటకంటె కొండను పెకలించుట సులభమని నిశ్చయించి, దుర్నిరీక్ష్యతేజస్కుడై, కచ్చ బిగించి, ఆ సాయంత్రమే రంపము చేతబట్టెను.

"ఓయీ ఉన్నతపాద గర్విష్ఠీ," అని స్టూలుతో పలికెను, "బలహీనులకు అందకుండ ఇంత ఎత్తున నిలుచుటకు నీకెన్ని గుండెలురా? నేడు నీ నాలుగు కాళ్ళును ఖండించి అబలకు ఆసనంబుగా సమర్పించెదను."

ఖండించెను. ఒక కాలు పొట్టిదయ్యెను. దానికి సరిగా మిగతావి కోయగా మరొకటి పొట్టిదయ్యెను. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయినట్లు, చీకటి పడే వేళకు స్టూలు కాస్తా పీట అయి కూర్చుంది. పీటకు బల్ల అందదు గనక చుట్టే యంత్రాన్ని కూడా చెక్కపెట్టె మీదికి దింపాడు. ఇంటికి పోతూ తన దయాగుణానికి తానే మురిసిపోయాడు, పిచ్చి మారాజు.

మర్నాడు సూర్యకళ ఆ పీటను చూసింది. మొదటిరోజే సార్ ఏర్పాటుకు ఎదురెందుకని కాలు చాపుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాకా పని సాఫీగానే సాగింది. అన్నం కూత కూసింది. అందరూ లేచారు, ఆమె లేవలేకపోయింది. వంగని కాలుతో అంత కింది నుంచి లేవడమంటే మాటలా? చేతులు ఆనించి చూసింది, మళ్ళీ చూసింది. సరిగ్గా అప్పుడే బసవరాజు వచ్చాడు.

"నేనన్నది గిదే సాబ్. పాపం, బిడ్డకు కష్టమైతుంది. పంపియ్యున్రి."

సూర్యకళ తలెత్తలేదు. చేతిలోని తీగచుట్టను వదలనూ లేదు. ఆ కొలువు పోతే ఇంకొకరు పిలుస్తారన్న ఆశ ఆ పిల్లకు లేదని విశ్వనాథానికి తెలిసింది. తను నోరు మూసుకుంటే చాలు, తన రంపం చేసిన పాపమంతా ఆమె కాలి మీదికి పోతుంది. అప్పుడు ఆ మహావీరుడు, స్వేదబిందు సందోహ సంకలిత లలాటుడై, నిన్నటి నుండి గొంతులో అడ్డుపడిన నాలుగు మాటల బ్రహ్మాస్త్రమును ఎట్టకేలకు విడిచెను.

"నీకు ఎట్లా ఉంటే వీలమ్మా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఎత్తు స్టూలు, సార్. అందరి లెక్కనే. దిగితే సాలు, లేసుడు ఉండదు. నిన్న గట్లనే గూసున్న గద, మీరు సూడలే?"

"మరి గీ పీటెవరు జేసిన్రు?" అన్నాడు బసవరాజు.

"నేనేనండి. తప్పు ఆ అమ్మాయి కాలిది కాదు, నా రంపానిది. అడగడానికి భయపడ్డాను."

బసవరాజు పీటకేసి చూశాడు. "నేను మాత్రం అడిగిన్నా సాబ్?" అన్నాడు మెల్లగా. తనే పోయి పక్క బల్ల దగ్గరి ఎత్తు స్టూలు తెచ్చి వేసి, యంత్రాన్ని మళ్ళీ బల్ల మీదికి ఎక్కించాడు. సూర్యకళ బల్ల పట్టుకుని, తోటి ఆడవాళ్ళ ఆసరాతో లేచి, దానిమీద కూర్చుంది. దిగింది. మళ్ళీ కూర్చుంది.

"పట్టీల పేరు రాయున్రి," అన్నాడు బసవరాజు.

విజయగర్వితుడైన విశ్వనాథుడు, పనికిమాలిన ఆ పీటను వృథా పోనీయరాదని, దానిమీదనే కూర్చుండి టిఫిన్ డబ్బా విప్పెను. ఆవకాయన్నం ముగిసెను. లేవబోయెను. నడుము పట్టేసెను.

పై నుంచి సూర్యకళ చూసింది. చెయ్యి చాపబోయి ఆగింది.

"సార్, చెయ్యియ్యాల్నా?"

"ఇయ్యమ్మా," అనెను మహావీరుడు.

ఆమె ఒక చేత్తో బల్ల పట్టుకుని రెండో చెయ్యి అందించింది. ఇట్లు విశ్వనాథుడు ఒక ప్రశ్న అడిగి, ఒక ప్రశ్నకు జవాబు చెప్పి, నాచారమున పీట మీది నుండి దిగ్విజయముగా లేచి నిలుచుండెను.