చూడి పందికి అయిదో నెల

ఆఫీసుల్లో ఫైళ్ళు కదలవని, కమిటీలు ఏదీ తేల్చవని, కాగితం మీద కాగితం అడుగుతారని ఏడ్చే వాళ్ళందరికీ నాదొకటే సలహా. వచ్చే జన్మలో పందిగా పుట్టండి. అందులోనూ చూడి పందిగా పుట్టండి!

నవ్వకండి. పశువుల మేత భద్రతా విభాగంలో పంతొమ్మిదేళ్ళుగా నకలు గుమాస్తాగా పనిచేస్తున్న మనిషిని. ఊరికే నోటికొచ్చింది రాసే అలవాటు నాకు లేదు. ఎదురుగా ఉన్నది చూసి రాసే అలవాటే ఉంది.

పందుల మేతలో కలపడానికి కంపెనీలు ఎంజైమ్ అని ఒక పొడి తయారుచేస్తాయి. గింజల్లో పందికి మామూలుగా అరగని భాగాన్ని కూడా అరిగేలా చేస్తుందది. ఆ పొడి పిల్లల్ని కనే పందులకి క్షేమమా కాదా అని తేల్చేది మా విభాగం. తేల్చిన దాన్ని శుభ్రంగా టైపు చేసేది నేను.

ఆ తేల్చడం ఎలా ఉంటుందనుకున్నారు! మొన్న పూర్తయిన ఫైలు నాలుగు వందల పన్నెండు పేజీలు. ఇరవై నాలుగు చూడి పందులకి మామూలు మోతాదు, ఇంకో ఇరవై నాలుగింటికి పదింతల మోతాదు పెట్టారు. ఏది ఎంత తిన్నది, ఎంత తాగింది, ఎన్ని పిల్లల్ని ఈనింది, ఏ పిల్ల ఎంత బరువుంది, పాలు చాలాయా లేదా, అన్నీ రాశారు. పదిహేడో నంబరు పంది ఒక మంగళవారం నాడు రెండు పిడికిళ్ళ మేత వదిలేసింది. ఎందుకు వదిలేసిందో వివరిస్తూ పదకొండు పేజీలు!

మీరెప్పుడైనా మంగళవారం నాడు అన్నం వదిలేశారా? ఎవరైనా పదకొండు పేజీలు రాశారా? మా ఇంట్లో అయితే మా ఆవిడ ఒకటే వాక్యం అంటుంది. "తింటే తినండి, లేకపోతే మూత పెట్టి లేవండి."

ఇంతటితో అయిపోయిందా? లేదు. ఈ పొడి పాలు మరిచిన పందిపిల్లలకి క్షేమమని ముందే తేలింది. కంపెనీ వాళ్ళు అదే కాగితం చూపించి, "పిల్లలకి పడింది కదా, తల్లులకీ పడుతుంది లెండి" అన్నారు. కమిటీలో ఉన్న పందుల డాక్టరు, ముసలాయన, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పిల్ల వేరు, తల్లి వేరు. కడుపుతో ఉన్న ప్రాణి మీద అంచనాలు పనికిరావు" అని బల్ల గుద్దాడు. నా గ్లాసులో నీళ్ళు ఒలికి రెండు పేజీలు తడిసిపోయాయి. అయినా ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. మా వీధి డాక్టరు నాకూ, మా ఆవిడకీ, పక్కింటి ముసలాయనకీ ఒకే మాత్ర రాస్తాడు మరి!

ఆ తర్వాత ఆ పంది మాంసం తినేవాళ్ళ క్షేమం గురించి నలభై పేజీలు. దాని పేడ పడిన మట్టిలో ఉండే వానపాముల క్షేమం గురించి ఇరవై రెండు. వానపాము గురించి కూడా ఆలోచించే వ్యవస్థని పట్టుకుని నిదానం అంటారా? నిలకడ అనాలి దాన్ని.

ఇక నాలుగో భాగం. ఇది నా స్వహస్తాలతో చేసే పని కాబట్టి కొంచెం గర్వంగా చెప్పుకుంటాను. పొడిని సంచుల్లోంచి ఎత్తి మేతలో కలిపే మనుషుల క్షేమం గురించిన భాగమిది. మొత్తం నాలుగు వాక్యాలు. "ఈ పొడి పీల్చిన కొందరికి ఊపిరితిత్తుల ఇబ్బంది కలగవచ్చు. కలగదని చూపే పరీక్షలేవీ జరగలేదు. కావున కలుగుననే భావించవలెను. మాస్కు ధరించవలెను."

దీని మీద కమిటీ కూర్చోదు. మా విభాగంలో ఒక ఆచారం ఉంది. కమిటీ సమావేశానికి ముందే నకలు గుమాస్తా పాత ఫైల్లోంచి నాలుగో భాగాన్ని తీసి కొత్త ఫైల్లో అతికిస్తాడు. నా ముందు గుమాస్తా అలాగే చేశాడు, నేనూ అలాగే చేస్తున్నాను. ఒకసారి తొందరలో పొడి పేరు మార్చడం మరిచిపోయి, కోళ్ళ విటమిను పేరుతోనే వదిలేశాను. ఏడుగురు నిపుణులు సంతకాలు చేశారు. ఏ ఒక్కరూ పట్టుకోలేదంటే నా మీద వాళ్ళకి ఎంత నమ్మకమో చూడండి!

ఇలా హాయిగా సాగిపోతున్న నా ఉద్యోగంలోకి మా కోడలు దగ్గుకుంటూ వచ్చింది.

మా కోడలు మేత మిల్లులో పనిచేస్తుంది. మిక్సింగ్ గదిలో సంచులు కోసి పొడి కుమ్మరించడం ఆమె పని. నేను ఏ పొడికైతే నాలుగు వందల పన్నెండు పేజీలు టైపు చేశానో, అదే పొడి. ఆమెకిప్పుడు అయిదో నెల. వారం రోజులుగా వంటింట్లో నిలబడి దగ్గుతుంటే ఆ పిల్ల వీపు విల్లులా వంగిపోతోంది. ఒక చెయ్యి నోటి మీద, ఒక చెయ్యి పొట్ట మీద.

"మాస్కు పెట్టుకోవమ్మా?" అన్నాను, నా నాలుగో వాక్యం గుర్తు చేసుకుని.

"పెట్టుకుంటే ఆయాసం మామయ్యా, తీస్తే దగ్గు. రెండింట్లో ఏదో ఒకటి నువ్వే తేల్చుకో అన్నాడు మేస్త్రీ. సంచులు కుట్టే గదికి మార్చమంటే, కాగితం ఉందా అంటున్నాడు."

కాగితం! ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితానికి మా ఇంట్లో కరువా? మా ఆవిడ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "పందులకి పురుళ్ళు పోసే ఆఫీసు కదా మీది, ఇంట్లో పిల్లని కూడా కాస్త చూడమనండి" అంది.

ముందు వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు నిమిషాలు చూసి, అదే మాత్ర రాశాడు. తర్వాత మా పెద్ద సారుని అడిగాను. ఆయన చాలా సౌమ్యుడు. "మనది మేత విభాగమయ్యా. మనుషులు మన పరిధిలోకి రారు" అన్నాడు.

"మనుషులు ఎవరి పరిధిలోకి వస్తారు సార్?"

"ఉంటుంది ఎక్కడో ఒక విభాగం" అన్నాడు కిటికీలోంచి దూరంగా చూస్తూ. నేనూ చూశాను. ఎదురుగా సైకిల్ స్టాండు తప్ప ఏమీ కనిపించలేదు.

అప్పుడు నాకు ఇబ్బంది నివేదిక ఫారం గుర్తొచ్చింది. ఏదైనా పొడి వల్ల ఇబ్బంది కలిగితే మిల్లుల వాళ్ళు, పందుల్ని పెంచే వాళ్ళు నింపి పంపే పచ్చ కాగితం అది. నేను నింపాను. ఒక్క అబద్ధం కూడా రాయలేదని ప్రమాణం చేసి చెబుతున్నాను. పంది అని నేనెక్కడా రాయలేదు, అది ఫారం మీద అచ్చు వేసే ఉంది. ఉన్న చోటు: మిక్సింగ్ గది. బరువు: యాభై ఎనిమిది కిలోలు. ఎన్నో ఈత: మొదటిది. చూడి ఎన్నో నెల: అయిదు. గాలి వచ్చే దారి: ఒక కిటికీ, తెరుచుకోదు. రోజుకి ఎన్ని గంటలు నిలబడుతుంది: ఎనిమిది. లక్షణాలు: దగ్గు, ఆయాసం, రాత్రి పడుకోలేకపోవడం.

ఫారం ట్రేలో వేసి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కమిటీ అత్యవసరంగా కూర్చుంది!

పంతొమ్మిదేళ్ళలో అలాంటి సమావేశం చూడలేదు. పంది మూడు నెలల మూడు వారాల మూడు రోజులకి ఈనుతుంది. ఆ సంగతి నేను కనీసం వెయ్యిసార్లు టైపు చేసి ఉంటాను. అయినా మా కోడలి గురించి రాస్తున్నప్పుడు నాకు పంది లెక్క గుర్తుకు రాలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

"అయిదో నెలా? ఇంకా ఈనలేదా?" అని పందుల డాక్టరు గుండె పట్టుకున్నాడు. "యాభై ఎనిమిది కిలోలేమిటి? దానికి తిండి పెడుతున్నారా లేదా? చూడి ప్రాణిని ఎనిమిది గంటలు నిలబెడతారా? అసలు మిక్సింగ్ గదిలో ఎవడు పెట్టాడయ్యా దాన్ని?"

ఒకాయన ఇది హింస అన్నాడు. ఇంకొకాయన మిల్లు లైసెన్సు సంగతి చూడాలన్నాడు. ముప్పావు గంటలో ఆదేశం తయారైంది. "సదరు జంతువును తక్షణం దుమ్ము లేని, గాలి వెలుతురు గల చోటికి మార్చవలెను. కూర్చొనుటకు, పడుకొనుటకు వీలు కల్పించవలెను. మంచి నీరు ఎల్లవేళలా అందుబాటులో ఉంచవలెను." నేనే టైపు చేశాను. కంగారులో రెండు తప్పులు దొర్లాయి.

ఆదేశం పట్టుకుని జీపులో పందుల డాక్టరూ, ఇంకో డాక్టరూ బయలుదేరారు. నకలు ఇవ్వడానికి నేనూ వెనక ఎక్కాను. మిల్లులో మేస్త్రీ కాగితం రెండుసార్లు చదివి, "ఇక్కడ పందులు లేవు సార్. మిక్సింగ్ గదిలో ఉన్నది ఒక్క ఈ అమ్మాయే" అన్నాడు. తెల్లటి దుమ్ములోంచి మా కోడలు మాస్కు కిందికి లాగి బయటికొచ్చింది. నన్ను చూసి నవ్వబోయి దగ్గింది.

పందుల డాక్టరుకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఆ పిల్ల దగ్గు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు. స్టెతస్కోపు తీసి వీపు మీద పెట్టి విన్నాడు. అటు మార్చి, ఇటు మార్చి పది నిమిషాలు విన్నాడు. ఆ వారంలో ఆమె ఊపిరిని అంతసేపు విన్న మనిషి ఆయనొక్కడే.

"పందివైతే ఈ క్షణమే మార్చేసేవాణ్ణమ్మా" అన్నాడు చివరికి.

"మార్చండి సార్" అంది మా కోడలు.

"నువ్వు మనిషివి కదమ్మా. నాకు అధికారం లేదు."

అని జీపెక్కాడు. అయితే ఒక విచిత్రం గమనించండి. ఆదేశాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు, మేస్త్రీ బల్ల మీదే మరిచిపోయాడు. అంత పెద్దాయన మరిచిపోయాడో, మరిచిపోవాలని మరిచిపోయాడో నేను అడగలేదు. మేస్త్రీ కాగితం మనిషి. ముద్ర ఉంది, తేదీ ఉంది. సాయంత్రానికల్లా మా కోడలు సంచులు కుట్టే గదిలో, కిటికీ పక్కన, కుర్చీలో కూర్చుంది. దగ్గరే మంచినీళ్ళు. ఆదేశంలో ఉందని పడుకోవడానికి చాప కూడా వేశారు.

పెద్ద సారు మర్నాడే సవరణ రాయించాడు. "సదరు జంతువు జంతువు కాదని తేలినందున పై ఆదేశం రద్దు చేయడమైనది. నాలుగో భాగం ప్రకారం మాస్కు ధరించవలెను." దాన్ని నకలు తీసి మిల్లుకి పంపాల్సింది ఎవరు? నేనే!

అది నా ట్రేలో ఉంది. దాని మీద ఇంకో ఫైలు ఉంది. ఆ ఫైలు మీద వానపాముల ఫైలుంది. వరస తప్పడం నాకు నచ్చదు. నా అంచనా ప్రకారం దాని వంతు రావడానికి ఇంకా నాలుగు నెలలు పడుతుంది, పురుడు వెళ్ళాక ఇంకో రెండు వేసుకోండి. ఫైళ్ళు కదలవని ఏడ్చే పెద్దలారా, ఇప్పుడు చెప్పండి, కదలకపోవడంలో ఎంత కరుణ ఉంది! ఇదంతా ఇలా బాహాటంగా రాస్తున్నానేమిటని భయపడకండి. నాలుగు వాక్యాలే చదవని వాళ్ళు ఇంత వ్యాసం చదువుతారా?

మిక్సింగ్ గది ఖాళీగా ఉండదు కదా. మా కోడలి చోటికి కుట్టు గదిలో ఉండే ఆవిడని పంపారు. యాభై దగ్గర పడ్డ మనిషి. నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే మాట్లాడలేకపోయింది, దగ్గు.

నేను బల్ల సొరుగులోంచి పచ్చ ఫారం తీశాను. ఉన్న చోటు, బరువు, గంటలు, లక్షణాలు, అన్నీ అడిగి రాసుకున్నాను. చూడి ఎన్నో నెల అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఉత్త పందికి జీపు రాదు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఎదురుగా లేనిది రాశాను. అయిదు.

"ఏం రాశావన్నయ్యా నా గురించి?" అంది ఆవిడ.

చెప్పాను. నవ్వుతుందేమో, కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆవిడ కొంగుతో నోరు తుడుచుకుని ఫారం వైపు చూసింది.

"అలాగే పంపించన్నయ్యా. నా తర్వాత వచ్చేదానికి కూడా ఒకటి రాసి ఉంచు" అంది.