ఎవరూ కొట్టని గూటాలు

ఆ పొద్దున దశరథం అనుకున్న పని ఒకటే. ఎండ ఎక్కకముందే పడుగు నూలును వాడలో బారుగా లాగి కట్టాలి, గంజి పెట్టాలి, ఆరగానే మగ్గానికి ఎక్కించాలి. తండ్రి కాలం నుంచీ ఈ పని ఊరి చివరి మైదానంలో, పాతిన రాళ్ల మధ్య జరిగేది. ఆ మైదానాన్ని కొత్త బస్టాండుకు తీసుకున్నారు. రాళ్లను పీకి పునాదిలో వేశారు. కరీంనగర్‌కు బస్సులు పెరుగుతున్నాయని వాడంతా సంతోషించింది. పడుగుకు చోటు పోయింది దశరథానికి ఒక్కడికే. ఆ వాడలో సాలె ఇల్లు అతనిది ఒక్కటే.

అందుకని వాడలోనే కొయ్య గూటాలు కొట్టాడు. ఇంకా ఎవరూ లేవలేదు. ఎదురింటి శంకరవ్వకు నిద్ర చెడితే ఆమె నోటికి ఆ పూట సెలవుండదు. ఆ భయంతో సమ్మెటకు గోనెపట్టా చుట్టాడు. తన గోడ వారన మొదలుపెట్టి, బండ్లకు అడ్డం రాకుండా ఇళ్ల అరుగుల అంచునే, చివరన రాయమల్లు ఇంటి దాకా వరసగా దిగ్గొట్టాడు. తాడు పట్టి చూశాడు. వరస తిన్నగా వచ్చింది. పొయ్యి మీద గంజి దించడానికి లోపలికి వెళ్లాడు.

దశరథానికి భయాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది ముందు గదిని గురించి. మగ్గం ఆ గదిలోనే ఉంది. అది గుంట మగ్గం. కాళ్లు పెట్టే గుంటను నేలలో తవ్వారు. మంచాన్ని జరిపినట్టు దాన్ని జరపడం కుదరదు. వెనక గది వంటకే చాలదు. బస్సుల కోసం సడక్ వెడల్పు చేస్తారని, కిందివాడలో ముందు గదులు పోయాయని కొన్నాళ్లుగా చెప్పుకుంటున్నారు. గోడకు నష్టపరిహారం ఇస్తారట. గుంటకు ఇస్తారని ఎవరూ అనలేదు. మగ్గం పోతే దశరథానికి తెలిసిన పని ఇంకొకటి లేదు.

గంజి కుండతో బయటికి వచ్చేసరికి రాయమల్లు తన ఇంటి పంచ మీదికి ఎక్కి పెంకులు దించుతున్నాడు.

"ఏందన్నా, పొద్దుగాల్నే పెంకులు దించుతున్నవ్?"

"నీకు కండ్లు లేవా తమ్మీ? గా గూటాలు సూడు. సర్కారోళ్లు తెల్లారకముందే వచ్చి కొట్టి పోయిండ్రు. చప్పుడు గూడ చెయ్యలే, దొంగలు! పంచ, అరుగు గూటాన్ని ఆనుకోనే ఉన్నయ్, రెండూ సడక్ల పోతయ్. మనం కూలగొట్టుకుంటే పెంకులు, దూలాలు మనకు దక్కుతయ్. ఆళ్లు కూలగొడితే ఆళ్ల బండ్లకు పోతయ్. కిందివాడల గట్లనే అయిందట."

దశరథం నోరు తెరిచాడు. "అన్నా, గవి..."

"గా గూటాలు కొట్టినోడు నా చేతికి చిక్కాలె," అన్నాడు రాయమల్లు, పక్కన ఉన్న గడ్డపారను చూపిస్తూ. "గిదే మాట్లాడుతది వానితోని."

దశరథం నోరు మూసుకున్నాడు. కుండ ఒరిగి గంజి కాలి మీద పడింది. అరవలేదు.

అప్పటికే వాడ లేచింది. రాయమల్లు తెలివిగలవాడని అందరికీ నమ్మకం. అతను పెంకులు దించుతున్నాడంటే దించవలసిందే. ఒకరిని చూసి ఒకరు గడ్డపారలు తెచ్చారు. శంకరవ్వ దగ్గర గడ్డపార లేదు. రోకలితో తన అరుగును తానే పొడవడం మొదలుపెట్టింది.

"మా ఆయన కట్టిన అరుగు," అంది, పోటు పోటుకూ. "ఆయన పొయ్యిండు. గిప్పుడు అరుగు గూడ పోతాంది. గూటాలు కొట్టినోని చేతులు పడిపోను! వాని వేళ్లు కుళ్లిపోను!"

దశరథం చేతులను పంచెలో దాచుకుని లోపలికి వెళ్లాడు. అతని భార్య అనసూర్య కాలి మీద తడిగుడ్డ వేసింది.

"పొయ్యి చెప్పు, గవి మనయే అని."

"చెప్తే సంపుతరే."

"చెప్పకుంటే వాడంత కూలుతది."

"గిన్ని అరుగులు కూలినంక ఎట్ల చెప్పుడు? ఒక్క పెంకు దించినప్పుడే చెప్పాలుండె."

"మరి అప్పుడేం జేసినవ్?"

"కాలు కాలింది."

అనసూర్య గుడ్డ తడిపి మళ్లీ వేసింది. పెళ్లయిన నాటి నుంచి ఆమెకు ఈ మనిషి తెలుసు. కాసేపటికి దశరథానికి ఒక ఉపాయం తోచింది. గూటాలు లేకపోతే కూల్చడం ఆగుతుంది. ఎవరూ తన వైపు చూడని సమయంలో గోడ వారనున్న గూటాన్ని రెండు చేతులతో పట్టి ఊపాడు. అది కదిలింది.

"ఓరి దశరథం!" శంకరవ్వ కేక వాడ చివరి దాకా వినిపించింది. "సర్కారు గూటం పీకుతున్నవురా! నువ్వు జేలుకు పొయ్యేదిగాక మమ్ముల గూడ తోలుకపోతవా?"

రాయమల్లు పరుగెత్తుకొచ్చాడు. దశరథాన్ని పక్కకు నెట్టి, సుత్తె తెప్పించి, గూటాన్ని ముందున్న దానికంటే మూరెడు లోతుకు దిగ్గొట్టాడు. తరువాత నడుం మీద చేతులు పెట్టుకుని దశరథం ఇంటిని చూశాడు. వాడలో ఇప్పుడు ఏ ఇంటికీ అరుగు మిగల్లేదు. దశరథం ఇంటికి మొదటి నుంచీ అరుగు లేదు. ముందు గదే వాడలోకి వచ్చి ఉంది. గూటం దాని గోడకు ఆనుకుని ఉంది.

"అందరం కూలగొట్టుకున్నం," అన్నాడు రాయమల్లు. "నువ్వొక్కనివే మిగిలినవ్."

దశరథం గోడకు అడ్డంగా నిలబడ్డాడు. "నా గోడ జోలికి రాకు అన్నా. నీ కాల్మొక్కుత. గా గూటాలు సర్కారోళ్లయి కావు. నాయి. పడుగు కట్టెతందుకు నేనే కొట్టిన."

 వాడంతా నవ్వింది.

"సూశిండ్రా? ఇంటి మీదికి వచ్చెసరికి గూటాలు వీనియే అయినయ్," అంది శంకరవ్వ. "రేపు బస్టాండు గూడ నాదే అంటడు."

"ఒట్టు పెద్దవ్వా! సమ్మెటకు గోనెపట్టా సుట్టి కొట్టిన. నీకు నిద్ర చెడుతదని."

"నా మీద గంత ప్రేమ ఎప్పటిసందిరా నీకు?"

దశరథం ఇంట్లోకి పరుగెత్తి పడుగు తెచ్చాడు. ఒక కొస మొదటి గూటానికి కట్టి, నూలును విప్పుకుంటూ వాడ చివరి దాకా వెళ్లాడు. రెండో కొస చివరి గూటానికి అందింది. బెత్తెడు ఎక్కువ లేదు, బెత్తెడు తక్కువ లేదు.

"సూడుండ్రి! సరిపోయిందా లేదా?"

"సరిపోయింది," అన్నాడు రాయమల్లు. "సర్కారు గూటాలకు నూలు కట్టి కబ్జా పెడుతున్నడు. ఇది గనక సూస్తే ఆఫీసర్లు మన అందరి మీద కేసు పెడుతరు. ఒక్కనితోని వాడంతకు పరేషాన్. పట్టుండ్రి!"

పడుగును చుట్టి అనసూర్య చేతికి ఇచ్చారు. దశరథం లోపలికి వెళ్లి మగ్గం గుంటలో కూర్చున్నాడు. అక్కడి నుంచి లేవనన్నాడు. "కూసుండు తమ్మీ, మట్టి నీ మీద పడకుంట సూస్తం," అని రాయమల్లు బయటి నుంచి ధైర్యం చెప్పాడు. గడ్డపార మొదటి పోటుకు గోడ అదిరింది. దశరథం మగ్గం అచ్చు చెక్కను రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ప్రతి పోటూ గుంటలోకి, అక్కడి నుంచి వెన్నులోకి వచ్చింది. ఇరుగుపొరుగువాళ్లు మాట తప్పలేదు. గోడను బయటికే పడగొట్టారు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా వాడ ఉంది. వాడ మొత్తం అతన్ని చూస్తోంది.

ఓవర్‌సీర్ వచ్చింది అప్పుడే. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన, రోడ్ల పని చూసే సర్కారు మనిషి. వెంట ఒక ఆఫీసు జవాను ఎడ్లబండి తోలుకొచ్చాడు. ఓవర్‌సీర్ మట్టికుప్పలను దాటుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏమిటయ్యా ఇది? ఈ వాడకు ఏమైంది?"

రాయమల్లు చేతులు కట్టుకున్నాడు. "మీకు తక్లీఫ్ ఎందుకని మేమే కూలగొట్టుకున్నం సార్. దూలాలు మాత్రం మాయి."

"దూలాల సంగతి నాకెందుకు? రోడ్డు ఈ ఇళ్ల వెనకనున్న మెట్ట చేల మీంచి వెళ్తుంది. ఈ వాడలోకి బస్సు రాదు. వానాకాలంలో బురద అవుతోందన్నారు, మొరం పోయించాలా అని చూడడానికి వచ్చాను."

 శంకరవ్వ చేతిలోని రోకలి నేలకు జారింది.

"మరి గీ గూటాలు?" అన్నాడు రాయమల్లు.

ఓవర్‌సీర్ వంగి చూశాడు. "మావి కావు. మా గూటాలకు నంబరు ఉంటుంది."

వాడ మెల్లగా తల తిప్పింది. దశరథం ఇంకా గుంటలోనే ఉన్నాడు. అడ్డం గోడ లేదు. పారిపోదామంటే మగ్గం కింద కాళ్లు చిక్కుకున్నాయి. రాయమల్లు గడ్డపార ఎత్తుకుని నాలుగడుగులు ముందుకు వచ్చాడు. నిదానంగా అడిగాడు.

"తమ్మీ. ఇందాక నువ్వేమన్నవ్? గూటాలు నాయి అన్నవ్ గద?"

దశరథం భార్య వైపు చూశాడు. అనసూర్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది. రాయమల్లు వైపు చూశాడు. గడ్డపార కొనకు తన గోడ మట్టే అంటి ఉంది.  ఆ మట్టిని చూస్తూనే మాట్లాడాడు.

"అవు, నాయే అన్న. ఇల్లు దక్కించుకుందామని అబద్ధమాడిన. నువ్వే చెప్పు అన్నా, నాయే అయితే నా గోడకు ఆనిచ్చి కొట్టుకుంటనా? నా గూటాల కోసం నా మగ్గం మీదికి నా గోడనే తెచ్చుకుంటనా? గంత పిచ్చోడు ఎవడన్న ఉంటడా?"

రాయమల్లు కూలిన గోడను చూశాడు. గుంటలో కూర్చున్న మనిషిని చూశాడు. చాలాసేపు ఆలోచించాడు.

"ఉండడు," అన్నాడు. గడ్డపార దించాడు.

"పాపం, మనకు అరుగులే పోయినయ్. వీనికి గోడే పాయె," అంది శంకరవ్వ. "ఎవడు కొట్టిండో గాని, వాని చేతులు పడిపోను!"

"పడిపోను," అన్నాడు దశరథం.

గోడ మళ్లీ పెట్టుకోవడానికి తలా ఒక చేయి వేస్తామని వాడ అక్కడికక్కడే మాట ఇచ్చింది. ఎవరివో తేలనందున గూటాలు సర్కారువని ఓవర్‌సీర్ నిర్ణయించాడు. వాటిని పీకి బండిలో వేసే పనికి దశరథమే ముందుకు వచ్చాడు.