మా గార్డు పూర్తి సంతృప్తి వ్యక్తం చేశాడు

ఉద్యోగంలోకి మనుషుల్ని తీసుకోవడమంత అనాగరికమైన పని ఇంకోటి లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆలోచించండి. మనిషికి ఆకలేస్తుంది. నిద్రొస్తుంది. అదే ఏఐ ఏజెంట్ అయితే? "నువ్వు ఇరవై ఏళ్ల అనుభవమున్న ఆర్కిటెక్ట్‌వి" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, మరుక్షణమే దానికి ఇరవై ఏళ్ల అనుభవం వచ్చేస్తుంది! నా అనుభవం నాలుగేళ్లు. అందులో కొన్ని నెలలు పాస్‌వర్డ్ కోసం ఎదురుచూడటంలోనే పోయాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అమ్మది ఒకటే ప్రశ్న, "నీ కింద ఎంతమందిరా?" అని. మొన్న తలెత్తుకుని చెప్పాను, ఆరుగురని.

"పాపం, వాళ్లని తిట్టకు నాన్నా" అంది.

నేనెందుకు తిడతాను? తిట్టడానికి రివ్యూయర్ ఏజెంట్ ఉందిగా.

మేం చేసేది ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల యాప్. అందులో ఒక బటన్ రంగు మార్చాలి. ఆర్కిటెక్ట్ ఏజెంట్ నక్షా గీసింది. ప్లానర్ ఏజెంట్ ఆ పనిని అరవై మూడు ముక్కలు చేసింది. కోడర్ రాసింది. కఠినంగా ఉండమని చెప్పాం కాబట్టి రివ్యూయర్ నలభై ఒక్కసార్లు తిప్పికొట్టింది. కోడర్ నలభై ఒక్కసార్లు "మీరన్నది అక్షరాలా నిజం" అని లెంపలేసుకుంది. సెక్యూరిటీ ఏజెంట్ నన్నే అనుమానాస్పద వ్యక్తిగా తేల్చి గెంటేసింది. డాక్యుమెంట్లు రాసే ఏజెంట్ ఆ బటన్ మీద ఎనభై పేజీలు రాసింది. కొన్నిచోట్ల కళ్లు చెమరుస్తాయి. బటన్ మాత్రం పాత రంగులోనే ఉంది. అయితేనేం? ఇంత క్రమశిక్షణ మనుషుల్లో ఎప్పుడైనా చూశామా?

ఇక మిగిలింది టెస్టర్ పాత్ర. ఆ సీట్లో ఇంకా మనిషే ఉంది. పన్నెండేళ్లుగా ఆ పనే చేస్తోంది, అందరికీ అక్క.

"శుక్రవారం రిలీజ్‌ని ఏజెంట్ చేత టెస్ట్ చేయిద్దాం. సజావుగా జరిగితే అక్క సీటు తీసేయొచ్చు. ఆవిడ ఏమేం చేస్తుందో అడిగి ఆ పాత్ర నువ్వే రాయి. నువ్వయితే శ్రద్ధగా రాస్తావు" అన్నాడు మేనేజర్.

పెద్దవాళ్లు చెప్పిన పని మనసుపెట్టి చేయడం నాకు అలవాటు. రెండు రోజులు అక్క పక్కన కూర్చుని రాసుకున్నాను. ఎందుకు రాసుకుంటున్నానో ఆవిడకి తెలుసు. అయినా ఒక్కటీ దాచలేదు.

"గేటు దగ్గరి గార్డన్న సంగతి రాశావా తమ్ముడూ?"

"ఆయనేం చేస్తాడక్కా?"

"ఆయన ఫోన్‌లోనే డాక్టర్ దగ్గర టైమ్ తీసుకోమంటాను. ఆయన ఎక్కడ ఆగిపోతే అక్కడ మనం తప్పు చేసినట్టు."

బుద్ధిగా రాశాను, 'రిలీజ్‌కు ముందు గార్డుకు చూపించాలి' అని.

శుక్రవారం టెస్టర్ ఏజెంట్ పదకొండు సెకన్లలో పద్నాలుగు వందల పరీక్షలు ముగించింది. రిపోర్టు చివర ఒక వాక్యం: 'గార్డుకు చూపించడమైనది. ఆయన పూర్తి సంతృప్తి వ్యక్తం చేశారు.' ఏ గార్డు? తవ్వి చూస్తే, "నువ్వు పాతికేళ్ల అనుభవమున్న గార్డువి" అని అదే ఇంకో ఏజెంట్‌ని నియమించేసుకుంది! చూశారా చొరవ? నా కింద ఇప్పుడు ఎనిమిది మంది.

యాప్ విడుదలైపోయింది. సాయంత్రం అక్క ఐడీ కార్డు అప్పగించడానికి గేటు దగ్గరికి వెళ్లింది. ఆవిడ సంచీ మోస్తూ నేనూ వెళ్లాను.

"ఓసారి మన యాప్ తెరిచి చూడన్నా" అంది గార్డన్నతో, అలవాటు కొద్దీ.

ఆయన కంటికి చిన్న అక్షరాలు ఆనవు. ఫోన్‌లో అన్నీ బాగా పెద్దవి చేసి పెట్టుకున్నాడు. దాంతో 'ఖరారు' బటన్ తెర అడుక్కి జారి మాయమైంది. వేలితో పైకీ కిందికీ తోసి తోసి, "ఇవాళ డాక్టరుగారు రాలేదేమో తల్లీ" అన్నాడు.

"ఇక్కడ ఆగింది. రాసుకో తమ్ముడూ" అంది అక్క. అప్పటికే అది ఆవిడ పని కాదు.

పరుగున పైకెళ్లి మేనేజర్‌కి చెప్పాను. ఆయన తాపీగా రిపోర్టు తెరిచి చూపించాడు.

"మన గార్డుకి బాగానే ఉందిగా?"

అదీ నిజమే. మన గార్డుకి పాతికేళ్ల అనుభవం. గేటు దగ్గరాయనకి తొమ్మిదేళ్లే.

కాబట్టి పాఠకులారా, బెంగపడకండి. రాసేది, తిట్టేది, పరీక్షించేది, ఆఖరికి సంతృప్తి పడేది కూడా సిద్ధంగా ఉన్నాయి. ఒక్క పాత్రని మాత్రం ఇంకా మనుషులతోనే నెట్టుకొస్తున్నాం. నడుం పట్టేసి మంచం మీద పడి, కనిపించని బటన్ కోసం వెతుక్కునే పాత్ర అది. దానికి అనుభవం అక్కర్లేదు. మీలో ఎవరైనా చేరొచ్చు.