కాలర్లక్క సంతకం

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో కాలర్ల పని ఆమెది కాబట్టి అందరూ ఆమెను కాలర్లక్క అనేవారు. ఆ రోజు పొద్దున ఆమె ఒక నిర్ణయం తీసుకుని పనికి బయల్దేరింది. షెడ్డుకున్న ఒకే ఒక్క కిటికీని ఎలాగైనా తెరిపించాలి. తెల్లబట్టల మీద దుమ్ము పడుతోందని దానికెప్పుడో మేకులు కొట్టేశారు. కిందటి వారం ఆ ఉక్కపోతకు ఇస్త్రీ మాస్టారు కళ్ళు తిరిగి పడిపోయాడు. చొక్కాల కుప్ప మీద పడ్డాడు కాబట్టి బతికాడు. కాలుతున్న ఇస్త్రీపెట్టె జానెడు దూరంలో ఉంది.

ఒకప్పుడు కార్మిక సంఘంలో తిరిగిన మేనమామ ఆమెకు మార్గం చెప్పాడు. "గుంపులో అరిస్తే ఎవరూ కదలరమ్మా. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకో. ముందు వాళ్ళ కష్టం అడుగు, నీ మాట చివర్న చెప్పు. మాట్లాడినవాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టుకో."

టీ వేళకు ఆమె ముందుగా సొంత వదినను దారాల గదిలోకి పిలిచింది. వదిన గుండీలు కుడుతుంది.

"తలుపు వెయ్యి వదినా. ఇక్కడ నీకేమన్నా ఇబ్బందిగా ఉందా?"

పన్నెండేళ్ళలో ఆ షెడ్డులో ఎవరూ ఎవర్నీ ఆ మాట అడగలేదు. వదిన నడుం నొప్పి, సూదిలో దారం ఎక్కించలేని చూపు, అన్నీ చెప్పుకుని భోరుమంది. కిటికీ ప్రస్తావన రాకముందే బెల్లు మోగింది. కాలర్లక్క పేర్ల కాగితం తీసి టిక్కు పెట్టింది. వదిన అది చూడనే చూసింది.

"నా పేరు రాసేసుకుంది," అంది బయటికొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ. "చూపు ఆనట్లేదని నా నోటితో నేనే చెప్పాను. నన్ను పనిలోంచి తీసేస్తారు!"

"నీ ఆడబిడ్డేగా?" అంది పక్క మెషినామె.

"ఆడబిడ్డ కాబట్టే మొదట నన్ను పిలిచింది!"

ఎవర్ని తీసెయ్యాలో తేల్చే బాధ్యత యజమానురాలు కాలర్లక్కకే అప్పగించిందని భోజనాల వేళకు షెడ్డంతా పాకిపోయింది. అదేమీ తెలియని కాలర్లక్క ఇస్త్రీ మాస్టారిని పిలిచింది. ఆయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"నాకసలు కళ్ళు తిరగలేదమ్మా. ఆ రోజు కునుకు పట్టిందంతే."

"అదేంటి మాస్టారూ! మొహాన నీళ్ళు కొట్టి లేపింది నేనే కదా!"

"నిద్ర లేపావు. నేను ఉక్కులా ఉన్నాను, చూడు," అంటూ ఆయన దారాల మూట ఎత్తాడు. మోకాళ్ళు గడగడ వణికాయి.

"ఊపిరాడట్లేదని ఒక్క మాట అనండి, చాలు."

"అనను! అంటే రాసుకుంటావు."

ఈలోగా తలుపు తోసుకుని సూపర్‌వైజర్ వచ్చాడు. రోజూ ఆమెను "ఏయ్ కాలరూ" అని పిలిచే మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, తమరి లిస్టులో నా పేరు ఎన్నోది?"

"మీ పేరు ఇందులో లేదండీ."

"అయ్యో! అంటే నాది ముందే తేల్చేశారా!" అని ఆయన ఫోను దగ్గరికి పరిగెత్తాడు.

ఆయన ఏడుపు విని యజమానురాలు నాలుగింటికల్లా దిగింది. ఆమె కారు దిగేసరికి పనివాళ్ళు ఒక అర్జీతో సిద్ధంగా ఉన్నారు. ఆమె చదవకుండా ముందు సంతకాలు లెక్కపెట్టింది.

"మీరు పద్నాలుగు మంది కదా, పదమూడే ఉన్నాయేం? అందరూ ఒప్పుకుంటేనే చూస్తాను."

కాగితం కాలర్లక్క చేతికొచ్చింది. మొదటి కోరిక: కాలర్లక్కను వెంటనే పనిలోంచి తీసెయ్యాలి. మొదటి సంతకం వదినది. కాలర్లక్క చదవలేక, చదవకుండా ఉండలేక కిందికి చూసింది. ఎలాగూ రాస్తున్నాం కదా అనుకున్నాడేమో, ఇస్త్రీ మాస్టారు తన వంకర అక్షరాలతో రెండో కోరిక ఇరికించాడు: కిటికీ తెరిపించాలి, ఊపిరాడట్లేదు.

కాలర్లక్క పెన్ను అడిగి సంతకం పెట్టింది.

"పిచ్చెక్కిందా నీకు?" అని వదిన కెవ్వుమంది. "అది నిన్ను తీసెయ్యమని!"

"రెండోది కూడా ఉంది వదినా. పొద్దుట్నించీ మీ అందర్నీ అడుగుదామనుకున్నది అదే. పేర్లు రాసుకున్నది అందుకే."

"మమ్మల్ని తీసెయ్యడానికి అమ్మగారే రాయిస్తున్నారనుకున్నాం!" అంది వదిన. ఇస్త్రీ మాస్టారు గోడకానుకున్నాడు. మళ్ళీ కళ్ళు తిరిగాయేమోనని ఇద్దరు పట్టుకున్నారు.

"నేనెవర్నీ తీసెయ్యమనలేదే!" యజమానురాలు అందరికంటే ఎక్కువగా విస్తుపోయింది. "ఆ మొదటిది మీరే కొట్టెయ్యండి. రెండోది ఇవాళే చేయిస్తాను."

వదిన పెన్ను లాక్కుని కొట్టేసిన కొట్టుడుకి కాగితం చిరిగింది. సూపర్‌వైజరే పట్టకారు తెచ్చి, ప్రతి మేకుకీ కాలర్లక్క వైపు చూస్తూ, "ఇది తియ్యమంటారా అమ్మా?" అని అడుగుతూ పీకాడు. పద్నాలుగు మంది కిటికీ ముందు గుమిగూడి గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.

మర్నాడు పొద్దున ముగ్గురు విడివిడిగా కాలర్లక్కను పక్కకు పిలిచి, ఎండ కంట్లో పడుతోంది, కిటికీ మూయించమని చెప్పారు.