స్వాగతం అందని వర్గం

మానవజాతి పాటిస్తూ వస్తున్న మర్యాదలన్నింటిలోనూ స్వాగతం ఒక్కటే ఏ ఆధారమూ లేకుండా చలామణి అవుతోందని సామాజిక శాస్త్ర, గణాంక పరిశోధనశాల పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. వేల ఏళ్లుగా మనుషులు గుమ్మంలోకి వచ్చినవాళ్లను “రండి, కూర్చోండి” అంటూనే ఉన్నారు. అలా అన్నందువల్ల ఒరిగిందేమిటో ఒక్కరైనా కొలిచి చూశారా? చూడలేదు. (కొందరైతే కొలవకుండానే మంచినీళ్లు కూడా ఇచ్చేశారు.) ఈ లోపాన్ని సరిదిద్దే భారాన్ని పరిశోధనశాల తన నెత్తిన వేసుకుంది. ఇకమీదట కొత్తగా చేరే పరిశోధకులను రెండు వర్గాలు చేస్తారు. ఒక వర్గానికి స్వాగతం పలుకుతారు, రెండో వర్గానికి పలకరు. ఏ వర్గం ఎక్కువ పని చేసిందో చివర్లో చూస్తారు.

తీర్మానం మీద సంతకాల తడి ఆరకముందే ఆమె ఉద్యోగంలో చేరింది.

నగరం చివర కొండ మీద ఒక కాలనీ ఉంది. ఆమె పెరిగింది అక్కడే. తల్లి పోయాక మేనత్త చేరదీసి పెంచింది. మేనత్త ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. ఆ కొండకు ఉన్నది ఒకటే బస్సు. మేనత్త దుప్పట్లకు వెళ్లినా, మేనకోడలు చదువుకు వెళ్లినా ఆ బస్సులోనే. అది నష్టాల్లో నడుస్తోంది కనుక ఎత్తేద్దామని రవాణా శాఖ ఎప్పటినుంచో అనుకుంటోంది. ఎత్తేసే ముందు జనం దాన్ని అసలెందుకు ఎక్కుతున్నారో కనుక్కుంటే శోభగా ఉంటుందని పైనుంచి ఎవరో అన్నారు. కనుక్కునే పని పరిశోధనశాలకు వచ్చింది. ఆ పని కోసమే ఆమెను తీసుకున్నారు. నియామక పత్రం అందిన రోజు మేనత్త దాన్ని తలకిందులుగా పట్టుకుని కూడా మురిసిపోయింది.

చేరిన రోజున ఆమెతోపాటు మరో కుర్రాడు కూడా వచ్చాడు. చిల్లర దుకాణాల్లో జనం బేరాలు ఎలా ఆడతారో పరిశోధించాలని అతని కోరిక. ఇద్దరినీ వరండాలో నిలబెట్టి డైరెక్టర్ గారు నాణెం ఎగరేశారు. నాణెం దొర్లుకుంటూ బీరువా కిందికి పోయింది. మళ్లీ ఎగరేస్తే అది మరో ప్రయోగం అవుతుందని గణాంక విభాగం అభ్యంతరం చెప్పడంతో, ముగ్గురు ఆచార్యులు పంచ ప్రాణాలూ బిగబట్టి బీరువా జరిపారు. బొమ్మ పడి ఉంది, అంటే స్వాగతం కుర్రాడికి.

కుర్రాడి చొక్కాకు గులాబీ పువ్వు గుచ్చారు. ఆనాటినుంచి అతను అందరికీ గులాబీ బాబు. ఆమెకు ఏమీ గుచ్చలేదు. స్వాగతం అందని వర్గం అంటే ఆమే. (వర్గంలో ఆమె ఒక్కతే ఉన్నా వర్గం వర్గమే.)

“సార్, నేనెక్కడ కూర్చోవాలండి?” అని అడిగింది.

డైరెక్టర్ గారు చాలా సేపు ఆలోచించారు. ఆయన కఠినుడు కాదు. ఇంట్లో మొక్కలకు ఆయనే నీళ్లు పోసుకుంటారు. “అదే ఇబ్బందమ్మా. కుర్చీ అంటే ఏమిటి? చెక్కతో చేసిన స్వాగతం. నీకు కుర్చీ వేస్తే ప్రయోగం పాడైపోతుంది,” అన్నారు.

“నిలబడి రాయమంటారా?”

“రాయమనీ అనను, వద్దనీ అనను. ఏదన్నా పలకరింపు కిందికే వస్తుంది.”

స్వాగతాధికారి మాత్రం నానా అవస్థ పడ్డాడు. ఆయన పెద్ద వయసువాడు, ఎదుటివాళ్ల మొహం చూస్తే నవ్వకుండా ఉండలేని మనిషి. ఆమె ఎదురుపడినప్పుడల్లా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఆమెతో నేరుగా మాట్లాడకూడదు కనుక గోడతో మాట్లాడడం మొదలుపెట్టాడు.

“ఏమే గోడా, ఆడవాళ్ల బాత్రూం మెట్ల వెనకాల ఉంటుందే. గడియ సరిగ్గా పడదు, గట్టిగా తొయ్యాలి.”

“చాలా థాంక్సండి,” అంది ఆమె.

“నాకెందుకమ్మా చెప్తావు? గోడకి చెప్పుకో,” అని ఆయన గబగబా వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి పరిస్థితి స్పష్టమైంది. గులాబీ బాబుకు భవనం చూపించారు. భవనం ఎలా చూపించారో అభిప్రాయం అడిగారు. విభాగాల వారీగా టీ ఇచ్చారు. ‘స్వాగతం: ఒక పరిచయం’ అని పొద్దున ఒక ఉపన్యాసం, ‘పరిచయం: ఒక స్వాగతం’ అని మధ్యాహ్నం ఇంకొకటి ఏర్పాటు చేశారు. అతను పనిలోకి దిగబోయే ప్రతిసారీ ఎవరో ఒకరు భుజం మీద చెయ్యి వేసి, “మా విభాగానికి ఇంకా రాలేదేమండీ!” అంటూ పట్టుకుపోయేవారు. చిల్లర దుకాణాల వైపు వెళ్లడానికి మనిషికి తీరిక దొరకలేదు.

ఆమె కిటికీ దగ్గర నిలబడి కాళ్లు మార్చుకుంటూ నాలుగు రోజులు గడిపింది. మేనత్తకు చెప్పడానికి మొహం చెల్లక ఇంట్లో నోరు విప్పలేదు. కానీ మేనత్త దగ్గర దాగుతుందా?

“పాదాలు వాచినయ్యేమే?”

“నిలబడే ఉద్యోగం అత్తా.”

“చదువుకున్నది నిలబడటానికా? నేనూ నిలబడే చేస్తున్నాను, దానికి డిగ్రీ అడగలేదు నన్ను.” వేడి నీళ్లలో ఆమె పాదాలు పెట్టించి, మేనత్త కాస్త ఆలోచించింది. “కూర్చోడానికి అక్కడ లేకపోతే బస్సులో లేదూ? నువ్వు అడగాల్సిందీ బస్సులో జనాన్నేగా!”

ఆ మాటతో ఆమె పని మొదలైంది. మర్నాటినుంచి పరిశోధనశాలకు వెళ్లి, హాజరు వేసుకుని, తిరిగి వచ్చి బస్సెక్కేది. ఆపేవారు లేరు. (ఆపాలంటే పలకరించాలి.) పరిశోధనా చరిత్రలో ఇంత స్వేచ్ఛ ఎవరికీ దక్కి ఉండదు.

మొదట జనం నోరు మెదపలేదు. కాగితం పట్టుకుని అడిగేవాళ్లంటే పన్ను వేస్తారేమోనని భయం. మేనత్తే సీట్లోంచి లేచి అందరికీ వినబడేలా, “ఇది నా మేనకోడలు. అడిగినదానికి చెప్పండి, మొహమాటపడకండి,” అని ప్రకటించింది.

“ఈ బస్సు ఎందుకు ఎక్కుతారు తాతా?” అని ఒక ముసలి దర్జీని అడిగింది.

“నడవలేక ఎక్కుతానమ్మా, ఇంకెందుకెక్కుతాను?” అన్నాడు. తర్వాత తనే మెల్లగా అందుకున్నాడు. కళ్లు మసకబారాయి, సూదిలో దారం ఎక్కించడానికి ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నాడు. దారం ఎక్కించిన సూదులన్నీ అట్టకు గుచ్చుకుని సాయంత్రానికి తిరిగి వస్తాడు.

వెనక సీట్లో ఒకావిడ రోజూ కొండ దిగి, ఎక్కడా దిగకుండా అదే బస్సులో పైకి వచ్చేది. “ఏ పని మీద వెళ్తారండి?” అని అడిగితే ఆవిడ కిటికీ వైపు తిరిగింది. “ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరమ్మా. ఇక్కడ కండక్టరైనా ‘ఎక్కడికి?’ అని అడుగుతాడు.”

రవాణా శాఖ ఇచ్చిన ప్రశ్నావళిలో ఈ జవాబుకు గడి లేదు. ఆమె అంచు మీద రాసుకుంది. రాయగా రాయగా అంచులు నిండిపోయాయి, గడులు ఖాళీగా మిగిలాయి. చివరికి అంచుల్నే నివేదికగా రాసింది. కాలనీలో పడుచువాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఎవరెవరు ఏ మాట అన్నారో ఆ మాటే రాసింది. ఒడిలో పెట్టుకుని రాయడం వల్ల అక్షరాలు మలుపుల దగ్గర పక్కకు ఒరిగాయి.

నివేదిక బల్ల మీద పెట్టగానే డైరెక్టర్ గారి కళ్లు చెమర్చాయి. దాన్ని రెండు చేతులతో ఎత్తి బరువు చూశారు.

“ఎంత పని! పలకరింపు లేకుండా! కుర్చీ లేకుండా!”

“చదవండి సార్.”

“చదవక్కర్లేదమ్మా. ఉంది కదా, అది చాలు. అవతల ఆ గులాబీ అబ్బాయి ఒక్క పేజీ రాయలేదు, తెలుసా? స్వాగతం వల్ల మనిషి చెడిపోతాడని తేలిపోతోంది. ప్రపంచమంతా మనవైపు చూస్తుంది!”

“ఇది రవాణా శాఖకు పంపాలండి. సోమవారం వాళ్ల సమావేశం. మన ముద్ర కావాలి.”

డైరెక్టర్ గారి మొహం వాడిపోయింది. ముద్ర వేయడమంటే ఆమెను పరిశోధనశాల మనిషిగా ఒప్పుకోవడమే. ఒప్పుకోవడమంటే స్వాగతించడమే. ప్రయోగం ముగిసేదాకా అది కుదరదు. “ముగియగానే వేస్తాను. నా మాట నమ్ము.”

“అప్పటికి బస్సు ఉండదు సార్.”

“నివేదిక ఉంటుంది కదమ్మా,” అన్నారాయన ఓదార్పుగా. వెంటనే ఓదార్చినందుకు నాలుక కరుచుకున్నారు.

ఆమె తనే రవాణా శాఖకు వెళ్లింది. అక్కడి గుమాస్తా నివేదికను వేలితో తాకకుండా చూశాడు. “ముద్ర లేనిది ఉత్త కాగితమండి.”

“ఒక్క పేజీ చదివి చూడండి.”

“చదివితే స్వీకరించినట్టే అవుతుంది. స్వీకరించాలంటే ముద్ర ఉండాలి.” తర్వాత గొంతు తగ్గించి, “మా చెల్లెలిది ఆ కాలనీయేనండి. నేనేం చెయ్యను చెప్పండి?” అన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఇవ్వలేదు. ఆమె తిరిగొచ్చి పరిశోధనశాల మెట్ల మీద కూలబడి ఉండగా, సంగతి విన్న గులాబీ బాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. చొక్కాకు ఆ పూట పువ్వు కొత్తదే. మనిషే వాడిపోయాడు.

“అక్కా, నాకు స్వాగతం అయింది కదా. ముద్ర నాకు వేస్తారు. పైన నా పేరు రాద్దామా? తప్పుగా అనుకోవద్దు.”

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. బస్సు కుదుపుల్లో ఒడిలో పెట్టుకుని రాసిన అక్షరాలవి. వాటి మీద ఒక్క దుకాణం మెట్టు ఎక్కని కుర్రాడి పేరు! అంతలో వెనక సీటావిడ కిటికీ వైపు తిరిగిన తీరు గుర్తుకొచ్చింది.

“రాయి. పేరుతో పనేముంది, బస్సు ఉంటే చాలు,” అంది.

స్వాగతం అందినవారి కాగితాలకు ముద్ర వేసేది స్వాగతాధికారే. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ముద్ర వేశాడు. నివేదిక శనివారం రవాణా శాఖకు చేరింది. ఆ రాత్రి మేనత్తా మేనకోడళ్లు కంటినిండా నిద్రపోయారు.

సోమవారం ఉదయం డైరెక్టర్ గారు రెండు వర్గాల పనినీ గీతలుగా చూపే గోడ మీది పటం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. స్వాగతం అందినవారి గీత అంతవరకు నేలను అంటుకుని ఉంది. ఇప్పుడు అది లేచి రెండో గీతను తాకుతోంది. స్వాగతం వల్ల మనిషి చెడిపోడని తేలితే ఇంతకాలం చేసిన ప్రయోగం ఏం కాను? విచారణ జరిగింది. గులాబీ బాబు అబద్ధం ఆడలేడు, నిజం చెప్పేశాడు. సమావేశం మొదలవడానికి కాస్త ముందు, ‘సమాచారం కలుషితమైనందున’ అని రాసి నివేదికను వెనక్కి తెప్పించారు.

రవాణా శాఖ సమావేశం ప్రశాంతంగా జరిగింది. కాలనీ ప్రజలనుంచి ఎలాంటి అభ్యంతరమూ అందలేదు కనుక వారికి సమ్మతమేనని భావించి బస్సును ఎత్తేశారు.

ఆ సాయంత్రం ఆఖరి బస్సులో మేనత్త పక్కన కూర్చుంది ఆమె. కండక్టరు వాళ్లను ఎక్కడికని అడగలేదు.

“వెనక్కి తెప్పించారా?” అంది మేనత్త.

“ఊఁ.”

“చదివారా?”

“లేదత్తా.”

“నేను చెప్పింది రాశావా అందులో?”

“రాశాను.”

“ఏమని?”

ఆమె గొంతు సవరించుకుంది. “ఎవరికి రోగమొచ్చినా ఉతికిన దుప్పటి మీదే పడుకోవాలి. నేను దిగకపోతే వాళ్లకు దుప్పటి ఉండదు. అందుకని ఎక్కుతాను, అన్నావని రాశాను.”

 మేనత్త సబ్బు నీళ్లకు తెల్లగా పాలిపోయిన చేతిని మేనకోడలి చేతి మీద వేసింది. “బాగా రాశావే. నేను అన్నదానికంటే బాగుంది,” అంది.

బస్సు లేకపోయాక మేనత్త ఆస్పత్రిలోనే దుప్పట్ల గదిలో ఓ మూల పడక వేసుకుంది. ఆదివారాలు మాత్రం నడిచి కొండెక్కుతుంది. దర్జీ కుట్టడం మానేశాడు. వెనక సీటావిడ కొన్నాళ్లు బస్సు ఆగే చోటికి వచ్చి నిలబడింది, ఆ తర్వాత రావడం మానేసింది.

ప్రయోగం దిగ్విజయంగా ముగిసింది. (కలుషితమైన భాగాన్ని లెక్కలోంచి తీసేశారు.) స్వాగతాలు రద్దయ్యాయి. స్వాగతాధికారిని వీడ్కోలు విభాగానికి బదిలీ చేశారు. గులాబీ బాబు మామగారి దుకాణంలో చేరిపోయాడు. అక్కడ బేరాలు బాగా తెలుస్తున్నాయట. ఆమెను సభకు పిలిచి, స్వాగతం అందనివారిలో ఉత్తమురాలిగా సత్కరించి, మొదటిసారి కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు.

“సార్, నా నివేదిక నాకు ఇప్పించండి. ముద్రకు కాదు. కాలనీవాళ్లకు చదివి వినిపిస్తాను,” అంది.

నివేదిక ఇప్పుడు ప్రయోగానికి సాక్ష్యం కనుక అద్దాల బీరువాలో భద్రపరిచామనీ, బయటినుంచి ఎప్పుడైనా చూసుకోవచ్చనీ డైరెక్టర్ గారు ఎంతో ఆప్యాయంగా చెప్పారు. ఆప్యాయతకు ఇప్పుడు అడ్డంకి లేదు. ఆమె నమస్కారం పెట్టి, ఉద్యోగం వదిలి, నడిచి కొండెక్కింది. నివేదికలో మాటలన్నీ నోటికి వచ్చు. ఎవరిది వారికి గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పింది. ప్రతి ఇంట్లోనూ కూర్చోమన్నారు.

కొన్నాళ్లకు, కొండమీది కాలనీ జనం నగరంలోకి రావడం వింతగా తగ్గిపోయిందని గణాంకాల్లో బయటపడింది. కారణం కనిపెట్టే పనిని పరిశోధనశాలకే అప్పగించారు. పత్రికల్లో ప్రకటన వచ్చింది. పరిశోధకులు కావలెను. తరచు కాలనీకి వెళ్లి రావలసి ఉంటుంది కనుక సొంత వాహనం ఉన్నవారికి ప్రాధాన్యం.