కొంగ మోకాలి లోతు

ఒక పెద్ద అడవిలో పుట్టాల్సిన మూడు నీటికుక్క పిల్లలు, వాళ్ళమ్మ రేవమ్మను ముందే పట్టి తెచ్చినందువల్ల, ఊరి చివర జూలో పుట్టాయి.

నీటికుక్కకి పుట్టుకతోనే ఈత వస్తుందనుకుంటాం. రాదు. తల్లే పిల్ల మెడ పట్టుకుని నీళ్ళలో ముంచాలి. పిల్ల గింజుకోవాలి, తిట్టుకోవాలి, అప్పుడు వస్తుంది. అదీ పసితనంలోనే. భయం ముదిరిందంటే ఇక జన్మలో దిగదు.

రేవమ్మ పెద్ద పిల్ల మెడ పట్టుకుని మడుగు దగ్గరికి నడిచేసరికి, గట్టు మీద ధవళయ్య గారు ఎదురొచ్చారు. ఆయన కొంగ. జూలో ఉండరు, ఎగిరొచ్చి పోతుంటారు. అయినా జంతువుల సభకి అధ్యక్షులు.

"అమ్మా రేవమ్మా, పసిబిడ్డలమ్మా. అంత లోతులో వేస్తావా? నాకు కళ్ళ నీళ్ళొస్తున్నాయి."

ఆ మధ్యాహ్నమే సభ కూర్చుంది. పిల్లలకి ఈత వచ్చేదాకా మడుగులో నీళ్ళు మోకాలి లోతుకి మించరాదని తీర్మానించారు.

"ఎవరి మోకాలండీ?" అంది రేవమ్మ.

"అధ్యక్షుల వారిది," అన్నాడు కార్యదర్శి డిప్పయ్య. ఆయన తాబేలు.

కోతి గంతయ్య పంపు చక్రం తిప్పాడు. నీళ్ళు దిగిపోయాయి. జూ వాళ్ళు రోజూ పొద్దున్నే రేవమ్మ కుటుంబానికని మడుగులో వదిలే బతికున్న చేపలకి దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది. ధవళయ్య గారు ఆ రోజు నుంచి పూటకోసారి తనిఖీకి వచ్చేవారు. వచ్చినప్పుడు సన్నగా, వెళ్ళేటప్పుడు నిండుగా ఉండేవారు.

వారం చూసి రేవమ్మ డిప్పయ్య దగ్గరికెళ్ళింది.

"అయ్యా, నీళ్ళు వదిలించండి. పిల్లలకి ఈత నేర్పాలి."

"ఈత వచ్చినట్టు సర్టిఫికెట్ తెచ్చావా?"

"నీళ్ళు లేకుండా ఈతెలా వస్తుందయ్యా?"

"అది మీ ఇంటి విషయం తల్లీ. నీ అర్జీ ఫైలులో పెట్టాను. నడుస్తోంది."

తాబేలు చేతిలోని ఫైలు నడుస్తోందంటే ఏం చెప్పాలి. రేవమ్మ గంతయ్యనీ అడిగింది. "నాదేముంది వదినా, కాగితం వస్తే చక్రం తిప్పుతాను," అన్నాడు వాడు పేలు చూసుకుంటూ.

నెల గడిచింది. పిల్లలు మూరెడు పొడవయ్యాయి. వాన పడి మడుగులో నీళ్ళు కాస్త పెరిగినా తల్లి వెనక్కి దూరేవి. రేవమ్మకి నిద్ర పట్టడం మానేసింది.

కానీ పిల్లలు ఖాళీగా కూర్చుంటాయా? ఏదో ఒకటి నేర్చుకుంటాయి, ఎదురుగా ఏముంటే అది. వాటి ఎదురుగా ఉన్నది ధవళయ్య గారు. ఆయన్ని చూసి మూడూ ఆ కాస్త నీళ్ళలో ఒక ముందుకాలు ఎత్తి, ఊపిరి బిగబట్టి, రాయిలా నిలబడటం మొదలుపెట్టాయి. పైగా వాటికి మీసాలున్నాయి. బురదలో చేప తోక కదిలినా మీసానికి తెలిసిపోతుంది.

ధవళయ్య గారు తనిఖీకి వచ్చేసరికి మడుగులో పొలుసులే తేలుతున్నాయి.

మొదటి రోజు నవ్వేశారు. నాలుగో రోజుకి మెడ వేలాడింది.

"ఇదేం పెంపకమమ్మా రేవమ్మా? నీటికుక్క పిల్లలు కొంగల్లా నిలబడటమేమిటి? మీ జాతికే తలవంపులు. ఈత నేర్పవా?"

"నీళ్ళేవండీ?"

ఆయన ఒంటికాలి మీద కాసేపు ఆలోచించారు. నీళ్ళు నిండితే ఈ పిరికి పిల్లలు గట్టెక్కి కూర్చుంటాయి, అంచున నిలబడి తన భోజనం తాను చేసుకోవచ్చు. వెంటనే అత్యవసర సభ పెట్టించారు. నెలరోజులు నడిచిన ఫైలు మధ్యాహ్నానికి గంతయ్య చేతిలో ఉంది. డిప్పయ్య ఆ రోజు పరుగెత్తాడని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

మడుగు గట్టు దాకా నిండింది. పిల్లలు ఒకదాని వెనక ఒకటి నక్కాయి. రేవమ్మ బతిమాలలేదు. పెద్దదాని మెడ పట్టుకుని ముంచింది. తర్వాత రెండోది, మూడోది. అరిచాయి, తల్లిని కరిచాయి, మునిగి తేలాయి. పొద్దు వాలేసరికి ఆ మడుగులో అవి మూడూ పోలేని చోటు లేదు, వాటి నోటికి అందని చేపా లేదు.

ధవళయ్య గారు పక్క మడుగుకి ఎగిరిపోయారు. అక్కడ నీటిగుర్రానికి పిల్ల పుట్టిందట. దాని క్షేమం గురించి ఆయనకి అప్పుడే బెంగ మొదలైంది.

నీతి: పిల్లలకి మేలు జరగడానికి పెద్దల మనసు కరగనక్కర్లేదు, వాళ్ళ కంచం ఖాళీ అయితే చాలు.